11 గంటలకి వచ్చే జనం

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "దానికేదో టెన్త్ రిజల్ట్స్ సైటు అప్పజెప్పారట అన్నయ్యా, రాత్రుళ్ళు నిద్ర కూడా పోవట్లేదు" అంది. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు కదా, అందుకే రాస్తున్నాను. టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

మీ మేనేజరు సర్వర్లు రెట్టింపు చేద్దాం అంటున్నారట. ఒకప్పుడు ఆ మాట నేనూ అన్నవాణ్ణే. ఏం జరిగిందో విను.

నేను అప్పట్లో పనిచేసిన చోట ఫలితాల సైటు మా చేతిలో ఉండేది. ఒక ఏడాది రెండు వెబ్ సర్వర్లతో మూలుగుతూ ఎలాగో గట్టెక్కాం. మరుసటి ఏడాదికి ఎనిమిది పెట్టాం. ఒక్కో సర్వరు, మార్కులన్నీ దాచి ఉంచే డేటాబేస్‌కి 50 కనెక్షన్లు (మాట్లాడుకునే దారులు) తెరిచి ఉంచుకునేది. అంటే 400. డేటాబేస్ మాత్రం అదే పాతది, ఒక్కటే. 11 గంటలకు ఫలితాలు వదిలారు, రెండు నిమిషాల్లో సైటు పడిపోయింది. ముందు ఏడాది అరగంటైనా ఓపిక పట్టింది! వంటమనిషి ఒక్కడే ఉన్న హోటల్లో ఆర్డర్లు రాసుకునేవాళ్ళని ఎనిమిది మందిని పెట్టామన్నమాట.

అసలు తిప్పలు ఆ తర్వాత మొదలయ్యాయి. రీస్టార్ట్ చేస్తే లేచిన నిమిషానికే మళ్ళీ పడింది. బయట జనం ఎక్కడికీ పోలేదు మరి, అందరూ రిఫ్రెష్ నొక్కుతూనే ఉన్నారు. అప్పుడే లేచిన డేటాబేస్‌కి మెమరీలో ఏమీ ఉండదు, ఏది అడిగినా డిస్కు దగ్గరకి పరిగెత్తాలి. మూడుసార్లు లేపాం, మూడుసార్లూ పడింది. చివరికి, వచ్చే జనాన్ని సర్వర్లకి పంచిపెట్టే లోడ్ బ్యాలెన్సర్ దగ్గరే తలుపు మూసేసి, వందలో ఐదుగుర్ని లోపలికి వదిలి, అది కుదుటపడ్డాక పదిమందిని, తర్వాత ఇరవైమందిని అలా వదులుకుంటూ వెళ్ళాం. తేరుకునేసరికి సాయంత్రం 4 అయింది. ఆ తలుపు వేసే మీట ముందే సిద్ధంగా ఉండి ఉంటే అరగంటలో అయ్యే పని. నువ్వు మొట్టమొదట చేసుకోవాల్సింది ఆ మీటే.

ఇప్పుడు కాస్త లెక్క చూద్దాం. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో నిరూపించిన సూత్రం ఒకటుంది, చాలా చిన్నది: సెకనుకి ఎంతమంది వస్తున్నారో, ఒక్కొక్కరు లోపల ఎంతసేపు ఉంటున్నారో గుణిస్తే, ఒకేసారి లోపల ఉండేవాళ్ళ సంఖ్య వస్తుంది. సెకనుకి 3,000 రిక్వెస్టులు వచ్చి, ఒక్కోటి 20 మిల్లీసెకన్లలో తేలిపోతే లోపల ఉండేది 60. అదే క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, 2 సెకన్లు పట్టిందనుకో, 6,000 అవుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మామూలుగా ఒప్పుకునేది 100 కనెక్షన్లు. ఆ అంకె పెంచేస్తే సరిపోతుందని అనుకోకు. అందులో ఒక్కో కనెక్షన్‌కీ ఒక్కో ప్రాసెస్ (విడిగా నడిచే ప్రోగ్రామ్) లేస్తుంది. వేల ప్రాసెస్‌లు ఒకదాన్నొకటి తోసుకుంటుంటే ఎవరి పనీ సాగదు. జనం ఒక్కరు కూడా పెరగకుండా, పని నెమ్మదించడం వల్లే సైటు మునిగిపోతుందని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అందుకే ముందు, ఆలస్యమైన క్వెరీలని రాసిపెట్టే స్లో క్వెరీ లాగ్ ఆన్ చేసి చూడు. హాల్‌టికెట్ నంబరు కాలమ్‌కి ఇండెక్స్ (పుస్తకంలో విషయసూచిక లాంటిది) ఉందా? నవ్వకు. లేని సైటుని నా కళ్ళతో చూశాను.

అయితే నీ సైటుకి ఒక అదృష్టం ఉంది. ఫలితాలు ముందు రోజుకే తయారై ఉంటాయి, విడుదలయ్యాక మారవు. అలాంటప్పుడు అడిగిన ప్రతిసారీ డేటాబేస్‌ని లేపడం దేనికి? ఒక్కో విద్యార్థికి ఒక్కో చిన్న ఫైలు ముందే రాసి పెట్టేయ్. ఒక్కోటి 2 కేబీ అనుకున్నా, 5 లక్షల మందికి కలిపి 1 జీబీ. మన ఇంట్లో పెళ్ళి వీడియో అంతకన్నా పెద్దది! వాటిని సీడీఎన్‌లో, అంటే చాలా చోట్ల కాపీలు పెట్టుకుని అక్కడి నుంచే అందించే సర్వర్లలో, పెడితే 11 గంటల జనం నీ సర్వర్ల గడప కూడా తొక్కరు.

ఇందులో రెండు గోతులున్నాయి. ఫైలు పేరు ఉత్త హాల్‌టికెట్ నంబరే అయితే, ఎవరో ఒక కుర్రాడు వరసగా నంబర్లు కొట్టి ఊరందరి మార్కులూ దింపేసుకుంటాడు. పుట్టిన తేదీ కూడా కలిపి పేరు తయారు చెయ్యి, ఒకే చోట నుంచి వందలకొద్దీ అడిగేవాళ్ళని ఆపు. రెండోది, 10:55 నుంచే పిల్లలు నంబర్లు కొట్టి చూస్తుంటారు. అప్పటికి ఫైలు ఇంకా బయటపెట్టలేదు కాబట్టి "దొరకలేదు" అనే జవాబు వెళ్తుంది. సీడీఎన్ ఆ జవాబుని కూడా దాచిపెట్టుకుంటే, 11 దాటాక కూడా అదే చూపిస్తుంది. తొందరపడి చూసిన పిల్లకే "దొరకలేదు" అని వస్తుందన్నమాట, పాపం. ఆ జవాబుని అసలు దాచుకోవద్దని సీడీఎన్‌కి స్పష్టంగా చెప్పు.

రీకౌంటింగ్ దరఖాస్తులు వేరే కథ. అక్కడ డబ్బు కట్టాలి, రాయాలి, ఫైళ్ళతో కుదరదు. మన పెళ్ళిళ్ళలో బంతి భోజనాలు గుర్తున్నాయిగా? మొదటి బంతి లేచేదాకా రెండో బంతిని కూర్చోబెట్టరు. విస్తరి ముందు కూర్చున్నవాడికి మాత్రం అన్నీ వడ్డిస్తారు. అలాగే నీ డేటాబేస్ ఎంతమందిని హాయిగా మోయగలదో చూసుకుని అంతమందినే లోపలికి పంపు. మిగతావాళ్ళకి "మీ వంతు దాదాపు ఇన్ని నిమిషాల్లో" అని ఒక మామూలు పేజీ చూపించు. చుట్టూ తిరిగే గుండ్రం కన్నా ఆ మాట చూసి జనం శాంతంగా ఉంటారు. పే బటన్ రెండుసార్లు నొక్కితే డబ్బు రెండుసార్లు కట్ అవకూడదు. ప్రతి దరఖాస్తుకీ ముందే ఒక నంబరు ఇచ్చి, అదే నంబరుతో రెండోసారి వచ్చినదానికి మొదటి జవాబే తిప్పి పంపు.

జనం పెరిగితే సర్వర్లని తనంతట తనే పెంచే ఆటో స్కేలింగ్ ఉందిగా అంటావేమో. కొత్త మెషీన్ లేచి పనిలో పడేసరికి నిమిషాలు పడుతుంది, జనం వచ్చేది సెకన్లలో. టైమ్ ముందే తెలిసినప్పుడు ముందే లేపి ఉంచడం మేలు. 2019 జులై 10న, ప్రపంచ కప్ సెమీఫైనల్లో న్యూజిలాండ్‌తో మన మ్యాచ్‌ని హాట్‌స్టార్‌లో ఒకేసారి 2.53 కోట్ల మంది చూశారు. ధోనీ రనౌట్ కాగానే జనం ఒక్కసారిగా వెళ్ళిపోయారు. వెళ్ళేవాళ్ళు బ్యాక్ నొక్కితే వచ్చేది హోమ్ పేజీ. అంటే వీడియో మీద లోడ్ తగ్గిన ఆ క్షణంలోనే హోమ్ పేజీ మీద పడుతుంది. అందుకని దాన్ని కూడా ఆ జనానికి తగ్గట్టు ముందే సిద్ధం చేసుకోవాలని వాళ్ళ ఇంజినీర్లే తర్వాత చెప్పారు. నీ సైటులో కూడా మార్కులు చూశాక పిల్లలు ఎక్కడికి వెళ్తారో ఆలోచించు. మార్కుల మెమో డౌన్‌లోడా, రీకౌంటింగ్ పేజీయా?

చిన్నవి కొన్ని. క్యాష్ (దాచుకున్న కాపీ) గడువు తీరిన క్షణంలో వెయ్యిమంది కలిసి డేటాబేస్ దగ్గరకి పరిగెత్తకుండా, ఒక్కరే వెళ్ళి తెచ్చేలా చూడు. ఇంజిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాక్సీ క్యాష్ లాక్ అని సెట్టింగ్ ఉంది. మీ మొబైల్ యాప్ ఫెయిలైన ప్రతిసారీ వెంటనే మళ్ళీ ప్రయత్నిస్తే, నీ శత్రువు నీ యాప్ అవుతుంది. ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ ఆగాలి, అదీ ఫోన్ ఫోన్‌కీ తేడాగా. ప్రతి పిలుపుకీ టైమ్‌అవుట్ (ఇంతకు మించి ఆగకూడదనే గడువు) పెట్టు. ఉత్తుత్తి జనాన్ని పంపి చూసే లోడ్ టెస్ట్ ఆఫీసు ల్యాప్‌టాప్ ఒక్కదాంతో చెయ్యకు, ఆఫీసు ఇంటర్నెట్‌ని పరీక్షించినట్టు అవుతుంది. పది వరసల డేటాతో కూడా కాదు, 5 లక్షల వరసలూ పెట్టి చెయ్యి.

సర్వర్ల సంఖ్య గురించి మీ మేనేజరుతో వాదన వస్తే ఇది చెప్పు. 2016 ఫిబ్రవరిలో, ప్రోగ్రామర్లు ప్రశ్నలూ జవాబులూ రాసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటుకి రోజుకి 20 కోట్ల పైచిలుకు రిక్వెస్టులు వచ్చేవి. వాళ్ళకున్న వెబ్ సర్వర్లు 11. నీకు మూడో నాలుగో చాలని దీనర్థం కాదు, ముందు లెక్క వేసి తర్వాత కొనమని.

శనివారం సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికి రా. అత్తయ్య పెసరట్లు పోస్తానంది. ఎన్ని కనెక్షన్లు తెరిచి ఉంచాలో చెప్పే కనెక్షన్ పూల్ సెట్టింగులూ, పోయిన ఏడాది 11 నుంచి 12 దాకా ఉన్న లాగ్ కూడా తెచ్చుకో. లాగ్ లేదంటే మాత్రం పెసరట్టు లేదు.

మావయ్య