గేమింగ్ ల్యాప్‌టాప్ అడిగితే పిల్లాడు చెడిపోతున్నట్టా?

ప్రశ్న: మాది భూపాలపల్లి, సింగరేణిలో పని చేస్తాను. ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు వస్తే ల్యాప్‌టాప్ కొనిస్తానని మా అబ్బాయికి మాటిచ్చాను. హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ ఏఐ-ఎంఎల్ సీటు వచ్చింది. ఇప్పుడు గేమింగ్ ల్యాప్‌టాపే కావాలని పట్టుబట్టాడు. షాపులో రెండు చూశాం. ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు ఉన్నది 64 వేలు, 4060 ఉన్నది 96 వేలు. ఏఐ చదువుకు పెద్దదే ఉండాలంటాడు, చదువయ్యాక గేమింగ్‌లోనే కెరీర్ అంటాడు. నా బడ్జెట్ 65 వేలు. ఏది కొనాలి? అసలు కొనవచ్చా? ఆటల్లో డబ్బులు పోగొట్టుకున్న పిల్లల వార్తలు చూస్తుంటే నిద్ర పట్టడం లేదు.

జవాబు: అన్నా, మీ ఉత్తరంలో అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉంది. సీట్లు వచ్చే రోజుల్లో వరంగల్, కరీంనగర్, మంచిర్యాల నుంచి ఇదే మాట వస్తుంది. ల్యాప్‌టాప్ ఏది కొనాలని మొదలుపెడతారు, పిల్లాడు చేయి దాటిపోతాడేమోనన్న భయం దగ్గర ఆగుతారు. అందుకే ముందు ఆ భయం సంగతి చూద్దాం.

మీరు వార్తల్లో చూస్తున్నవి ఎక్కువగా బెట్టింగ్ యాప్‌లు, ఆన్‌లైన్ రమ్మీ, లోన్ యాప్‌ల కథలు. వాటికి ఆర్‌టీఎక్స్ కార్డు అక్కర్లేదు. పది వేల ఫోన్ చాలు, అది మీ అబ్బాయి జేబులో ఇప్పటికే ఉంది. మన రాష్ట్రం 2017లోనే చట్టం సవరించి ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అయినా దొంగదారి యాప్‌లు పూర్తిగా పోలేదు. కాబట్టి మీరు చూడాల్సింది ల్యాప్‌టాప్‌ను కాదు, డబ్బు కదలికను. స్నేహితుల దగ్గర చేబదుళ్లు, ఫీజు కట్టామని చెప్పి రసీదు చూపించకపోవడం, తెలియని నంబర్ల నుంచి బాకీ ఫోన్లు వస్తే వెంటనే కదలండి. అవేవీ లేకుండా రాత్రి రెండు గంటలు వాలరెంట్ లాంటి షూటింగ్ ఆట ఆడితే నిద్ర చెడుతుంది, మార్కులు కూడా కొంత తగ్గవచ్చు. అంతేగానీ ఇల్లు మునిగిపోదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి పిల్లాడిని దొంగను చూసినట్టు చూస్తే, నిజంగా ఇబ్బంది వచ్చిన రోజున వాడు మీ దగ్గరికి రాడు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ర్యాంకు వస్తే కొనిస్తానని ఆశ పెట్టింది మీరే. రెండేళ్లు ఆ ఆశతో చదివించి, ర్యాంకు వచ్చాక "అసలు కొనవచ్చా" అని బయటివాళ్లను అడగడం ఏం న్యాయం? షరతులు ఉంటే అప్పుడే చెప్పాల్సింది. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. కానీ మీరు మాటిచ్చింది ల్యాప్‌టాప్‌కు, 96 వేల ల్యాప్‌టాప్‌కు కాదు. "నా దగ్గర 65 వేలు ఉన్నాయిరా, ఇంతే" అని లెక్క విప్పి చెప్పండి. గని పనిలో మీరు కష్టపడి కూడబెట్టిన సంగతి పిల్లాడికి తెలియాలి. ఈఎంఐలో పెద్దది తెచ్చి, రెండేళ్లపాటు ప్రతి నెలా వాడికి దెప్పుతారేమో, ఆ పని మాత్రం చేయకండి.

ఏఐ చదువుకు పెద్దదే కావాలన్న మాటలో పస తక్కువ. మొదటి ఏడాది సీ, పైథాన్, లెక్కలు. వాటికి మామూలు ల్యాప్‌టాపే ఎక్కువ. తర్వాత ప్రాజెక్టులకు గ్రాఫిక్స్ కార్డు పనికొస్తుంది, 3050 మీద చిన్న ఏఐ మోడళ్లతో నేర్చుకోవచ్చు. అంతకు మించితే గూగుల్ కొలాబ్ అనే వెబ్‌సైట్‌లో కొంత పరిమితితో ఉచితంగానే కార్డు దొరుకుతుంది. నిజంగా పెద్ద మోడళ్లయితే 4060లోని 8 జీబీ మెమరీ కూడా చాలదు. కోర్సు పేరులో ఏఐ ఉందని ఇంట్లో సూపర్ కంప్యూటర్ పెట్టాల్సిన పని లేదు. ఆ పేరుతో సీట్లు అమ్ముతున్న కాలేజీలన్నిట్లో దాన్ని చెప్పగల లెక్చరర్లు ఉన్నారా అన్నది నాకు ఎప్పుడూ అనుమానమే.

ఇక గేమింగ్ కెరీర్. ఆడి సంపాదించడం వేరు, ఆటలు తయారు చేయడం వేరు. మొదటిదాని మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. 2022 చివర్లో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే వీడియో ఆటల పోటీలను, గుర్తించింది, 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పతకాలూ ఇచ్చారు. కానీ గుర్తింపు వస్తే నెల జీతం వచ్చినట్టు కాదు. పైగా మన దేశంలో పెద్ద పోటీలు ఎక్కువగా మొబైల్ ఆటల్లోనే, వాటికి ఈ ల్యాప్‌టాప్ అవసరమే లేదు. పబ్జీ మొబైల్‌ను 2020లో నిషేధించారు. దాని స్థానంలో వచ్చిన బీజీఎంఐ 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో గానీ తిరిగి రాలేదు. ఆ పది నెలలు దాన్నే నమ్ముకున్న కుర్రాళ్ల గతి ఏమిటి? ఒక్క ఉత్తర్వుతో ఆగిపోయే ఆటను బతుకుదెరువు అనగలమా? స్ట్రీమింగ్ కూడా అంతే, పైకి కనిపించే నలుగురినే మనం లెక్కపెడుతున్నాం.

తయారు చేయడం మాత్రం నిజమైన వృత్తే. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద కంపెనీల స్టూడియోలు ఉన్నాయి. అయినా 2023, 2024లో ప్రపంచమంతటా గేమ్ కంపెనీలు వేల మందిని ఇంటికి పంపాయి. అందుకే ముందు గట్టి ప్రోగ్రామర్ కావాలి, గేమ్ తర్వాత. సీ ప్లస్ ప్లస్ లేదా సీ షార్ప్, ఇంటర్‌లో విసుక్కుంటూ చదివిన వెక్టర్లు, మాత్రికలు, ఇవే అక్కడ తిండి పెట్టేవి. ఒక పరీక్ష పెట్టండి. ఆటలు తయారు చేయడానికి గొడో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, చాలా తేలిక, కార్డు లేని కంప్యూటర్ మీదా నడుస్తుంది. దసరా సెలవులు అయ్యేలోపు అందులో చిన్న ఆట ఒకటి చేసి చూపించమనండి. చేస్తే పక్కన కూర్చుని మీరూ ఆడండి. చేయకపోతే తిట్టకండి, వాడికి ఆడటం ఇష్టమని తేలుతుంది, అంతే.

64 వేల దానికే నా ఓటు. వాలరెంట్, జీటీఏ ఫైవ్ లాంటివి బాగా నడుస్తాయి, కొత్త భారీ ఆటలకు సెట్టింగులు తగ్గించుకోవాలి. కొనే ముందు షాపువాడిని నిలదీసి అడగండి. కార్డు మెమరీ 4 జీబీనా, 6 జీబీనా? 3050 పేరుతో రెండూ ఉన్నాయి, 6 జీబీదే తీసుకోండి. కార్డుకు ఎన్ని వాట్ల విద్యుత్ అందుతుంది? అదే కార్డు ఒక మోడల్‌లో 45 వాట్లకే ఆగుతుంది, ఇంకో మోడల్‌లో 75 దాటుతుంది, ఆటలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. ర్యామ్ 16 జీబీ, అదీ రెండు స్టిక్కులుగా ఉంటే మేలు. ఒక్క 8 జీబీ స్టిక్కే ఉంటే రెండో స్లాటు ఖాళీగా ఉందో లేదో చూడండి. హార్డ్ డిస్క్ బదులు 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఇలాంటివి చార్జర్ పెట్టి ఆడితేనే పూర్తి వేగం ఇస్తాయి, క్లాసులో బ్యాటరీ ఎక్కువసేపు రాదు. చార్జర్‌తో కలిపి మూడు కిలోల దాకా బరువు, రోజూ బస్సులో మోయాలి. ఈ సంగతి అబ్బాయికి ముందే చెప్పండి. మన ఎండాకాలంలో పరుపు మీద పెట్టి ఆడితే గాలి రంధ్రాలు మూసుకుపోయి వేడెక్కుతుంది, బల్ల మీదే పెట్టాలి.

డబ్బు ఇంకా సర్దుబాటు కాకపోతే మొదటి సెమిస్టర్ కాలేజీ ల్యాబ్‌తో గడుస్తుంది, దీపావళి ఆఫర్ల దాకా ఆగండి. ఆగేటట్టయితే ఎందుకు ఆగుతున్నారో, ఏ తేదీకి కొంటారో అబ్బాయికి చెప్పి ఆగండి.