పంచే చేతికి తొందర కూడదు

పోకర్, పేకాటల మీద పాఠకుల ప్రశ్నలకు మిర్యాలగూడ రిటైర్డ్ బ్యాంకు క్యాషియర్ జవాబులు

ప్రశ్న: దసరాకు ఊరొచ్చే స్నేహితులం పన్నెండు మందిమి డబ్బు పెట్టకుండా చిన్న పోకర్ టోర్నీ ఆడుకుందామనుకుంటున్నాం. ఆడుతూనే నేను ముక్కలు పంచాలంటున్నారు. గొడవలు రాకుండా ఎలా సార్? – ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, గెలిచే చిట్కాలు కాకుండా పంచడం గురించి అడిగావు, సంతోషం. చిన్న టోర్నీల్లో తగాదా మొదలయ్యేది అక్కడే. డాలస్‌లో మా అమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంట్‌లో శుక్రవారం ఆటలకు పంచే పని నాకే ఇచ్చేవాళ్లు. సర్వీసంతా నోట్లు లెక్కపెట్టిన వేళ్లు కదా, చెయ్యి తొందరగానే కుదిరింది.

ముందు టేబుల్ మీద మందపాటి దుప్పటి పరుచు. నున్నటి చెక్క మీద ముక్క జారి బోర్లా పడాల్సింది వెల్లకిలా పడుతుంది. ముక్కను గాల్లోకి ఎగరేయకు, దుప్పటిని రాసుకుంటూ పోనివ్వు. పేక కలిపాక కుడిపక్క మనిషితో కోయించి, అడుగున కాలం చెల్లిన ఏటీఎం కార్డు పెట్టు. అట్టడుగు ముక్క ఎవరి కంటా పడదు. రెండు రంగుల పేకలుంటే ఒకటి పంచుతుండగా ఇంకొకరు రెండోది కలిపి ఉంచుతారు, టైం కలిసొస్తుంది.

బటన్‌కు (ఈ ఆటకు పంచే స్థానం ఎవరిదో చూపే బిళ్ల) ఎడమవైపు నుంచి ఒక్కొక్కటి చొప్పున రెండు చుట్లు పంచాలి. అందరికీ కలిపి మధ్యలో వేసే ముక్కలు ఫ్లాప్ (మొదటి మూడు), టర్న్ (నాలుగోది), రివర్ (ఐదోది) తెరిచే ముందు ప్రతిసారీ పైముక్క ఒకటి బోర్లా పక్కన పెట్టాలి. పై ముక్క మీద గుర్తు ఉన్నా, ఎవరైనా తొంగిచూసినా లాభం లేకుండా చేసే జాగ్రత్త అది. పంచేటప్పుడు ఎవరి ముక్క అయినా పొరపాటున తెరుచుకుంటే కంగారుపడకు. పంచడం పూర్తి చేసి, వాళ్లకు పైముక్క ఇచ్చి, తెరుచుకున్నదాన్ని మొదటి పక్కముక్కగా వాడు. కానీ మొట్టమొదటి ముక్కే తెరుచుకున్నా, రెండు తెరుచుకున్నా, అంతా కలిపి మళ్లీ పంచాల్సిందే. నువ్వూ ఆడుతున్నావు కాబట్టి నీ రెండు ముక్కల మీద ఒక చింతగింజ పెట్టుకో. లేకపోతే వదిలేసిన ముక్కల్లో నీవీ కలిసిపోతాయి, ఆ తర్వాత నీ మాట ఎవరూ నమ్మరు.

పెట్టిన చిప్స్ (పందెం బిళ్లలు) ఎవరివి వాళ్ల ముందే ఉండాలి. పందెం చుట్టు పూర్తయ్యాకే నువ్వు మధ్యలోకి లాగాలి. ‘రెయిజ్’ (పెంచుతున్నా) అని నోటితో చెప్పకుండా కాసిన్ని పెట్టి, ఎదుటివాడి ముఖం చూసి మళ్లీ కాసిన్ని పెట్టేవాళ్లుంటారు. అది చెల్లదని ఆట మొదలుకాక ముందే చెప్పు. ఎదుటివాడు పెట్టినదానికి ఏమీ అనకుండా ఒకే పెద్ద చిప్ పెడితే అది కాల్ (అతనితో సరిసమానంగా పెట్టడం) కిందే లెక్క.

అందరూ తడబడేది సైడ్ పాట్ (అసలు కుప్ప పక్కన పెట్టే వేరే కుప్ప) దగ్గర. ఒకరు 300తో ఆల్-ఇన్ (ఉన్నదంతా పెట్టేయడం), మిగతా ఇద్దరు 700 చొప్పున పెట్టారనుకో. నాలుగో అతను 100 పెట్టి వదిలేశాడు. ముందు ముగ్గురి దగ్గరా 300 చొప్పున తీసి, ఆ 100 కలుపు: అసలు పాట్ 1,000. మిగిలిన 400, 400 కలిపి సైడ్ పాట్ 800. అది ఆ ఇద్దరిదే. షోలో ముందు 800 సంగతి తేల్చు, తర్వాత 1,000. తిరగేసి చేస్తే 300 పెట్టినవాడు మొత్తం నాదేనంటాడు.

పన్నెండు మందిని రెండు టేబుళ్లలో ఆరుగురు చొప్పున కూర్చోబెట్టు. తొమ్మండుగురు మిగలగానే ఒకే టేబుల్ చెయ్యి. మనిషికి 1,000 చిప్స్ ఇచ్చి బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే చిన్న, పెద్ద మొత్తాలు) 10–20తో మొదలుపెట్టి, ఇరవై నిమిషాలకోసారి 20–40, 30–60, 50–100, 100–200 ఇలా పెంచుకుంటూ పో. మొత్తం చిప్స్ 12,000 కాబట్టి 300–600 దగ్గరికొచ్చేసరికి ఆట దాదాపు తేలిపోతుంది, మూడు గంటల లోపే. పెంచకపోతే తెల్లారినా తెమలదు.

ప్రశ్న: మా ఆయన వాళ్ల బ్యాచ్ మనిషికి 500 ఎంట్రీ ఫీజు పెట్టి పోకర్ ఆడి, గెలిచినవాళ్లకు సెల్‌ఫోన్ ఇస్తారట. పేకాట కాదు, తెలివి ఆట అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్

జవాబు: తెలివి ఉందమ్మా, కాదనను. అయినా దాంతో కేసు తప్పించుకోలేరు. సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని నైపుణ్యం ఆటే అంది, మూడుముక్కలాటను మాత్రం ఆ లెక్కలో చేర్చలేదు. ఆ తీర్పు పట్టుకునే చాలామంది వాదిస్తారు. కానీ తెలంగాణ ప్రభుత్వం 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి నైపుణ్యం పేరుతో ఉన్న వెసులుబాటు తీసేసింది, ఆన్‌లైన్ ఆటనూ అందులో చేర్చింది. 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. ఫీజు కట్టి, గెలిస్తే ఫోన్ అంటే పందెమే. అంత సరదా ఉంటే అందరూ భోజనం ఖర్చు పంచుకుని, గెలిచినవాళ్లకు చప్పట్లు కొట్టమనండి. అప్పుడు ఎంతమంది వస్తారో చూడండి, ఆట మీద ఇష్టం ఎంతో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: ఆసు–రాజు చేతికొస్తే ఉన్నదంతా పెడతాను. అయినా ఓడిపోతున్నానేంటి? – ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: అది ఇంకా జత కాలేదు కాబట్టి. ఫ్లాప్‌లో ఆసో రాజో పడేది ఇంచుమించు మూడిట ఒక్కసారే. ఎదుటివాడి దగ్గర రాణుల జత ఉంటే నువ్వు గెలిచేది నూటికి 43 నుంచి 46 సార్లు. మంచి ముక్కలే, దాన్ని మించి ఆశపడకు. నీ దగ్గర పది బిగ్ బ్లైండ్స్ (పెద్ద బ్లైండ్‌కు పది రెట్లు) కంటే తక్కువ మిగిలితే మాత్రం ఆలోచన వద్దు, పెట్టేయ్.

ప్రశ్న: మా పేకలో ఒక ఆఠీన్ ముక్క మూల మడతపడింది. అదే కంపెనీ కొత్త పేకలోంచి ఆ ఒక్కటి తీసి వాడొచ్చా? – ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: వద్దు. పాతవాటి మధ్య కొత్త ముక్క వీపు చూస్తేనే దొరికిపోతుంది. మొత్తం పేక మార్చి, పాతది పిల్లలకు ఇవ్వండి.