ఎక్సెల్ చాలా, మ్యాట్‌ల్యాబ్ కూడా కావాలా?

ప్రశ్న: నేను టెక్కలి దగ్గర హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో ఏడాది. శ్రీకాకుళంలో ఒక కన్సల్టెంటు ఆఫీసుకి ఇంటర్న్‌షిప్‌కి వెళ్తోంది. అక్కడ లెక్కలన్నీ ఎక్సెల్‌లోనే చేస్తున్నారట. విశాఖలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లేమో ఆటోకాడ్, స్టాడ్ ప్రో, మ్యాట్‌ల్యాబ్ కలిపి ప్యాకేజీ, 38 వేలు, ఇది లేకపోతే ఉద్యోగం కష్టం అంటున్నారు. కాలేజీలో సీనియర్ పైథాన్ ప్రోగ్రామింగ్ ఒక్కటి చాలంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. దేనికి డబ్బు కట్టమంటారు?

జవాబు: మాస్టారూ, ముందు ఆ ప్యాకేజీని విడదీసి చూడండి. ఆటోకాడ్ డ్రాయింగ్ గీసేది. స్టాడ్ ప్రో ఫ్రేమ్ మొత్తం మీద లోడ్లు వేసి ఏ బీముకి ఎంత మొమెంట్, అంటే వంచే ప్రభావం, వస్తుందో తేల్చేది. మ్యాట్‌ల్యాబ్ మాత్రికల లెక్కల కోసం పుట్టింది, అమ్మకానికి వచ్చింది 1984లో. మూడూ మూడు పనులు. ఒకే ఫీజు కింద కట్టడం అమ్మేవాళ్లకి సౌకర్యం, అంతే. మీ అమ్మాయికి ఆఫీసులో రోజూ తగిలేది వీటిలో ఏదీ కాదు. ఈ బీము సరిపోతుందా, పునాది ఫుటింగ్ ఎంత సైజు, కాలువలో నీళ్లు ఎంత లోతున పారతాయి, ఇలాంటి పేజీ రెండు పేజీల లెక్కలు. వాటిని దేంట్లో చేయాలన్నదే అసలు ప్రశ్న.

అందులో నేను మొదట చూసేది ఒక్కటే: ఆ లెక్కని రేపు ఇంకొకరు చదివి సరిచూడగలరా? డిజైన్ మీద సంతకం పెట్టేది ఇంటర్న్ కాదు, పై ఇంజినీరు. ఆయన చేతికి జవాబొక్కటీ వస్తే సంతకం పెట్టలేడు. స్టెప్పులు రాయని పిల్లాడికి మీరు మార్కులు ఎందుకు కోస్తారో, ఆయనా అందుకే కాగితం వెనక్కి పంపుతాడు. ఎక్సెల్ బలహీనత సరిగ్గా ఇక్కడే ఉంది. గడిలో అంకె కనిపిస్తుంది, దారి కనిపించదు.

ఒక బీము తీసుకుందాం. వెడల్పు 230 మిల్లీమీటర్లు, మొత్తం లోతు (పెద్ద డీ) 450, పై అంచు నుంచి కింది స్టీలు మధ్య వరకు కొలిచే ఎఫెక్టివ్ డెప్త్ (చిన్న డీ) 410. కాంక్రీటు ఎం20, స్టీలు ఎఫ్ఈ 415. మన దేశపు కాంక్రీటు డిజైన్ కోడ్ ఐఎస్ 456 ప్రకారం సింగ్లీ రీఇన్‌ఫోర్స్‌డ్ బీము, అంటే లాగుడు పడే వైపే స్టీలు లెక్కేసిన బీము, గరిష్ఠంగా మోయగల మొమెంట్ 0.138 × ఎఫ్‌సీకే × బీ × డీ². ఎఫ్‌సీకే అంటే కాంక్రీటు బలం, ఇక్కడ 20; బీ వెడల్పు, డీ చిన్న డీ. అంకెలు వేస్తే దాదాపు 106.7 కిలోన్యూటన్ మీటర్లు. ఇప్పుడు అమ్మాయి పొరపాటున లోతుని సెంటీమీటర్లలో 41 అని కొట్టిందనుకోండి. ఎక్సెల్ కిమ్మనదు, 1.067 అని చూపిస్తుంది. జవాబు నూరో వంతుకి పడిపోయింది కాబట్టి కంటికి దొరుకుతుంది. అసలు ప్రమాదం రెండోది. చిన్న డీ వేయాల్సిన చోట పెద్ద డీ, అంటే 410 బదులు 450 వేస్తే జవాబు 128.5. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ బీము బలాన్ని 20 శాతం ఎక్కువ చేసి చెప్తోంది.

యూనిట్ల పొరపాటు చిన్నవాళ్లే చేస్తారనుకోకండి. నాసా అంగారకుడి దగ్గరికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999లో పోయింది ఇలాగే. ఒక వైపు సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో ఇచ్చిన అంకెని రెండో వైపు న్యూటన్-సెకన్లుగా తీసుకుంది.

ఈ బాధ కోసమే మ్యాథ్‌క్యాడ్ లాంటివి వచ్చాయి. 1986 నుంచీ ఉంది, ఇప్పుడు పీటీసీ కంపెనీది. సూత్రం నోటుబుక్కులో రాసినట్టే భిన్నాలతో, వర్గాలతో తెర మీద కనిపిస్తుంది. అంకె పక్కన యూనిట్ రాస్తే అదే మార్చుకుంటుంది. 41 సెంటీమీటర్లన్నా 410 మిల్లీమీటర్లన్నా జవాబు ఒకటే. పొడవుకి బలాన్ని కూడబోతే ఒప్పుకోదు. పూర్తి వెర్షన్‌కి డబ్బు కట్టాలి, కొన్ని సౌకర్యాలు తగ్గించిన ఎక్స్‌ప్రెస్ వెర్షన్ ఉచితం. ఇదే పద్ధతిలో నడిచే ఎస్‌మ్యాథ్ స్టూడియో సొంతంగా నేర్చుకోవడానికి ఉచితం. ఆఫీసు పనికి వాడాలంటే మాత్రం లైసెన్సు షరతులు చదువుకోవాలి. అయితే పెద్ద డీ, చిన్న డీ తారుమారైతే ఇవీ పట్టుకోలేవు. రెండూ మిల్లీమీటర్లే కదా! దాన్ని పట్టుకునేది కాగితం చదివే మనిషే. అందుకే కాగితం చదవగలిగేలా ఉండాలంటున్నాను.

ఇంత చెప్పి, అమ్మాయిని ఎక్సెల్ మానేయమంటానా అంటే, అననే అనను. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో చేరినా, బొబ్బిలి వైపు వెళ్లినా, ఇరిగేషన్ కాంట్రాక్టరు దగ్గర చేరినా మొదటి రోజు చేతికిచ్చేది ఎక్సెల్ షీటే. దాన్ని శుభ్రంగా వాడటం నేర్చుకున్నవాళ్లు తక్కువ. ఇన్‌పుట్లన్నీ పైన ఒకే చోట, ఒకే రంగులో పెట్టాలి. ప్రతి అంకె పక్క గడిలో యూనిట్, ఆ పక్కన కోడ్ క్లాజు నంబరు. గడులకి పేర్లు పెట్టుకుంటే ఫార్ములా చదవడానికి వీలవుతుంది. ఒక తమాషా ఉంది, ఆర్ అనీ సీ అనీ ఒంటి ఇంగ్లిష్ అక్షరాన్ని పేరుగా పెడితే ఎక్సెల్ ఒప్పుకోదు. కాలువల లెక్కలు చేసే హైడ్రాలిక్స్ వాళ్లు ఆర్ అని రాసుకునే హైడ్రాలిక్ రేడియస్‌కి ఇంకో అక్షరం తగిలించుకోవాల్సిందే. ఇంకో రెండు గుంటలు కూడా తెలిసుండాలి. సైన్ 30 అని అడిగితే అర అని రాదు, మైనస్ 0.988 వస్తుంది, ఎందుకంటే ఎక్సెల్ కోణాల్ని రేడియన్లలో తీసుకుంటుంది. సమానం గుర్తు పెట్టి మైనస్ 3 వర్గం అని కొడితే 9 అంటుంది. పైథాన్‌లో అదే రాస్తే మైనస్ 9. లెక్కల మాస్టారుగా మీకు ఎవరిది ఒప్పో నేను చెప్పక్కర్లేదు.

ఎక్సెల్‌లో గోల్ సీక్ కూడా నేర్చుకోమనండి. కావాల్సిన జవాబు చెప్తే దానికి తగ్గ ఇన్‌పుట్ వెతికిపెట్టేది అది. వంశధార పిల్లకాలువ లాంటిది ఒకటి ఊహించండి. అడుగు వెడల్పు 3 మీటర్లు, పక్క వాలు ఒకటిన్నరకి ఒకటి, సిమెంటు లైనింగు, కాలువ గరుకుతనం చెప్పే మానింగ్ ఎన్ 0.018, బెడ్ వాలు 5000కి 1. లోతు ఇస్తే ప్రవాహం తేలిగ్గా వస్తుంది. మీటరు లోతుకి సుమారు 2.74 క్యూమెక్కులు, అంటే సెకనుకి అన్ని ఘనపు మీటర్లు. కానీ ఆఫీసులో అడిగేది తిరగేసి, 3 క్యూమెక్కులు పారాలంటే లోతెంత అని. సూత్రాన్ని తిప్పి రాయడం కుదరదు. గోల్ సీక్ క్షణంలో 1.05 మీటర్లు అని చెప్తుంది. మన దగ్గర ఇరిగేషన్‌లో మాట్లాడేది క్యూసెక్కుల్లో కాబట్టి అది దాదాపు 106 క్యూసెక్కులని పక్కనే రాయాలి.

ఇక సీనియర్ చెప్పిన పైథాన్. అబ్బాయి మాట సగం నిజం. ఒక బీముకి పైథాన్ అక్కర్లేదు. రెండు వందల బీములకో, కాలువ పొడవునా ప్రతి సెక్షన్‌కో అదే లెక్క చేయాల్సి వచ్చినప్పుడు దానికి మించింది లేదు. పైగా ఉచితం. నోట్‌బుక్ పద్ధతిలో రాస్తే మధ్యలో వివరణలు కూడా రాసుకోవచ్చు. కానీ మీ అమ్మాయి ఆఫీసులో సంతకం పెట్టే ఇంజినీరుకి పైథాన్ రాకపోతే ఆ లెక్కని సరిచూసేదెవరు? కాబట్టి ఎక్సెల్ చేతికొచ్చాక, నాలుగో ఏడాది ప్రాజెక్టులో మొదలుపెట్టమనండి.

మ్యాట్‌ల్యాబ్ చెడ్డదని కాదు. కంట్రోల్ సిస్టమ్స్, సిగ్నల్స్ చదివే ఈఈఈ, ఈసీఈ పిల్లలకి, పరిశోధనకి వెళ్లేవాళ్లకి అది తప్పనిసరి. సివిల్ డిజైన్ ఆఫీసులో దానితో రోజువారీ పని దాదాపు ఉండదు. నేర్చుకోవాలని సరదా ఉంటే ముందు కాలేజీకి లైసెన్సు ఉందేమో కనుక్కోండి. లేదంటే దాని కోడ్‌ని చాలావరకు నడిపే ఆక్టేవ్ ఉచితం. సైలాబ్ కూడా ఉచితమే, ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో పాఠాలున్నాయి. క్రాక్ వెర్షన్లు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. పెన్‌డ్రైవ్‌లో ఆఫీసుకి తీసుకెళ్తే యజమానికి లీగల్ తలనొప్పి.

డబ్బు సంగతి. 38 వేలు కట్టొద్దు. స్ట్రక్చరల్ వైపే వెళ్తానని అమ్మాయి తేల్చుకున్నాక స్టాడ్ ఒక్కటీ విడిగా నేర్చుకోవచ్చు. ఈ నెలలో ఆ కన్సల్టెంటు సార్‌ని అడిగి, పనైపోయిన ప్రాజెక్టు తాలూకు షీటు ఒకటి తెచ్చుకోమనండి. దాన్ని చేత్తో కాగితం మీద చేసి, ఎస్‌మ్యాథ్‌లో మళ్లీ చేసి, మూడూ పక్కపక్కన పెట్టుకోమనండి. ఐఎస్ కోడ్ తెలియకపోయినా ఆ కాగితం మీరు చదివితే మంచిది. ఏ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు అర్థం కాని చోటు ఆ సార్‌కీ అర్థం కాదు.

ల్యాప్‌టాప్ కొత్తది కొనాలా అనే అనుమానం వస్తుందేమో. 8 జీబీ ర్యామ్ ఉంటే పైన చెప్పినవన్నీ నడుస్తాయి. పాతది మరీ నెమ్మదిస్తే హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయించండి, చాలు.