రిపోర్టులన్నీ నార్మల్.. మరి ఈ తలనొప్పి ఎక్కడి నుంచి?

ప్రశ్న: నా వయసు 41. ఒక కంపెనీలో అకౌంట్స్ విభాగం చూస్తున్నాను. రెండేళ్లుగా తలనొప్పితో బాధపడుతున్నాను. తల చుట్టూ పట్టీ బిగించి కట్టినట్టు ఉంటుంది, మెడ పట్టేస్తుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. కొన్నాళ్లుగా కడుపులో మంట కూడా. స్కానింగ్, రక్తపరీక్షలు, ఈసీజీ, థైరాయిడ్.. అన్నీ నార్మల్ అన్నారు. వారంలో నాలుగైదు రోజులు ఐబూప్రొఫెన్ వేసుకోక తప్పడం లేదు. విచిత్రం ఏమిటంటే సెలవు రోజున, అంటే ఆదివారం సాయంత్రం, నొప్పి మరీ ఎక్కువ. మావారు మంచివారే కానీ, ‘నీకేమీ లేదు, ఊరికే ఆలోచిస్తావు’ అంటారు. అమ్మను చూసుకునే బాధ్యత కూడా నాదే. చెల్లెలికి చెప్పాలనిపించదు. ఆఫీసులో మా మేనేజరు ముందు ‘కుదరదు’ అన్నవారిని నేను చూడలేదు. ఇంతవరకు ఎవరితోనూ మాట పడకుండా నెట్టుకొచ్చాను. ఇది ఒంటి జబ్బా, మనసు జబ్బా? ఉద్యోగం మానేస్తే తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఒక విషయం తేల్చేద్దాం. ‘మీకేమీ లేదు’ అన్న మాట తప్పు. మీరు రాసిన లక్షణాలను బట్టి మీకు రెండు సమస్యలు ఉన్నట్టు కనిపిస్తోంది, రెండింటికీ వైద్యంలో పేర్లున్నాయి, చికిత్స ఉంది. మొదటిది టెన్షన్ తలనొప్పి. తలకు రెండువైపులా, పట్టీ బిగించినట్టు, మెడ పట్టేస్తూ వచ్చేది ఇదే. రెండోది, దాన్ని తగ్గించడానికి వేసుకుంటున్న మాత్రల వల్లే వచ్చే తలనొప్పి. స్కానింగ్ నార్మల్ అంటే మెదడులో గడ్డ, రక్తస్రావం వంటివి లేవని మాత్రమే అర్థం. నొప్పి స్కానింగ్‌లో పడదు.

మాత్రల సంగతి మొదట చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ దీని తర్వాతే. పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ వంటి మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే తలనొప్పిని నిలబెడతాయి. రెండు మూడు మందులు కలిపిన మాత్రలకైతే ఆ హద్దు 10 రోజులే. మీరు వారానికి నాలుగైదు రోజులు అంటున్నారు, అంటే హద్దు ఎప్పుడో దాటారు. మీ డాక్టరుకు చెప్పి ఆపేయండి. ఆపిన మొదటి వారం, పది రోజులు నొప్పి పెరుగుతుంది. చాలామంది అక్కడే బెంబేలెత్తి మళ్లీ మాత్ర అందుకుంటారు. అది దాటితే క్రమంగా తగ్గుతుంది, పూర్తి ఫలితం తెలియడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. కడుపులో మంటకు కూడా మొదట అనుమానించాల్సింది ఈ మాత్రనే. ‘తిన్నాకే వేసుకుంటున్నాను కదా’ అనకండి. జీర్ణాశయం లోపలి పొరను కాపాడే రసాయనాల తయారీని ఇది రక్తంలో కలిశాక కూడా తగ్గిస్తుంది. దీర్ఘకాలం వాడితే బీపీ, మూత్రపిండాల మీద కూడా ప్రభావం ఉంటుంది. కాబట్టి బీపీ చూపించుకోండి, ఇదివరకు చేయించకపోతే హిమోగ్లోబిన్, బి12 కూడా.

ఇక ఆదివారం సాయంత్రం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన వాక్యం అదే. ఆ సమయంలో ఆఫీసు లేదు, మేనేజరు లేడు, ఫైలు లేదు. ఉన్నది రేపటి గురించిన ఆలోచన ఒక్కటే. ఆ ఒక్కదానికే శరీరం సోమవారం పనికి సిద్ధమైపోతోంది. అడ్రినలిన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు విడుదల కావడానికి ప్రమాదం ఎదుటే ఉండనక్కర్లేదు, వస్తుందన్న నమ్మకం చాలు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, భుజాలు పైకి లేస్తాయి, దవడ బిగుసుకుంటుంది. ఇది చదువుతున్న ఈ క్షణంలోనే గమనించండి: మీ పై పళ్లు, కింది పళ్లు ఒకదానికొకటి తాకుతున్నాయా? ఊరికే ఉన్నప్పుడు పెదవులు కలిసి ఉండాలి కానీ పళ్ల మధ్య కొద్దిపాటి సందు ఉండాలి. ఇప్పుడు కణతల మీద వేళ్లు ఆనించి పళ్లు బిగించండి. వేళ్ల కింద ఒక కండరం ఉబ్బుతుంది. గంటల తరబడి అది అలా బిగిసే ఉంటే సాయంత్రానికి నొప్పి రాకుండా ఉంటుందా? దానికి నిద్రలేమి తోడైతే నొప్పిని తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. అంతవరకు పట్టించుకోని చిన్న నొప్పి కూడా అప్పుడు పెద్దదవుతుంది.

అంటే ఆలోచన మానేయమని చెబుతున్నానా? లేదు. ‘ఆలోచించకు’ అనేంత పనికిరాని సలహా మరొకటి లేదు, మీవారు అన్నా, మేమన్నా. చూడాల్సింది ఏ ఆలోచన అన్నది. ‘ఎవరితోనూ మాట పడకుండా నెట్టుకొచ్చాను’ అని రాశారు. బహుశా గర్వంగానే రాసి ఉంటారు, తప్పు లేదు. ఆ పట్టుదల వల్లే చదువులో, ఉద్యోగంలో ఈ స్థాయికి వచ్చి ఉంటారు. అయితే ఆ వాక్యం లోపల ఒక షరతు దాగి ఉంది: ఒక్క పని తప్పినా, ఒక్కరు మొహం చిట్లించినా ఇన్నేళ్ల పేరు పోతుంది. ఈ షరతుతో బతికేవారికి సెలవు అంటూ ఉండదు. ఎందుకంటే మాట పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

1960లలో అమెరికన్ మానసిక వైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ అనే చికిత్స ఇలాంటి షరతులనే పట్టుకుంటుంది. అందులో ధైర్యవచనాలు ఉండవు, వాదనలు కూడా తక్కువే. నమ్మకాన్ని ఒక అంచనాగా రాయించి, చిన్న ప్రయోగంతో పరీక్షిస్తారు. ఉదాహరణకు, ఈ వారం అంతగా తొందర లేని ఒక పనికి ‘ఇవాళ కాదు, ఎల్లుండి ఇస్తాను’ అని చెప్పండి. చెప్పేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఏం జరుగుతుందని భయపడుతున్నారు, ఎంత గట్టిగా నమ్ముతున్నారు. మూడు రోజుల తర్వాత నిజంగా ఏం జరిగిందో దాని పక్కనే రాయండి. ఇలా నాలుగైదు సార్లు చేసేసరికి ఆ షరతు పట్టు సడలడం మొదలవుతుంది. ఒక్కోసారి భయపడినట్టే ఎవరో ఒకరు మాట అంటారు కూడా. ఆ రోజు మరీ ముఖ్యం. మాట పడ్డాక కూడా మర్నాడు మామూలుగానే తెల్లవారుతుందని ఒంటికి తెలిసేది అప్పుడే. ఈ పద్ధతిలో శిక్షణ ఉన్న సైకాలజిస్టు దగ్గర చేస్తే త్వరగా ఫలితం ఉంటుంది.

మీవారి గురించి. ఆయన మాటలో దురుద్దేశం లేకపోవచ్చు, నిజంగానే మీకు ధైర్యం చెబుతున్నానని అనుకుంటూ ఉండవచ్చు. కానీ ఇంట్లో మాటతీరు శరీరం మీద ఎంత పనిచేస్తుందో చెప్పే ఒక అధ్యయనం ఉంది. అమెరికాలో జానిస్ కీకోల్ట్ గ్లేసర్ బృందం 42 దంపతుల జంటల చేతుల మీద చిన్న చిన్న బొబ్బలు చేసి, అవి మానే వేగాన్ని కొలిచింది. ఒకసారి ఒకరికొకరు ఆసరాగా మాట్లాడుకోమన్నారు, ఇంకోసారి తగవు ఉన్న విషయం మాట్లాడుకోమన్నారు. తగవు తర్వాత గాయాలు నెమ్మదిగా మానాయి. పరస్పరం ఎక్కువ కటువుగా ఉన్న దంపతులలో మానే వేగం తక్కువ కటువుగా ఉన్నవారి వేగంలో 60 శాతమే. 2005లో ఈ ఫలితాలు వచ్చాయి. మీ ఇంట్లో తగవు లేదు, నిజమే. అయితే బాధను కొట్టిపారేసినప్పుడు మనిషి దాన్ని దాచుకుంటాడు, దాచుకోవడానికి మళ్లీ శ్రమ. ఆయనకు ‘నన్ను అర్థం చేసుకోండి’ అని చెబితే ఏం చేయాలో తోచదు. ‘రాత్రి పది నిమిషాలు నేను చెప్పేది వినండి, సలహా ఇవ్వకండి’ అని అడగండి. ఇది ఎవరైనా చేయగల పని. వీలైతే ఈ జవాబు ఆయనతో చదివించండి, మొదటి పేరా వరకు చాలు.

చెల్లెలి విషయంలో కూడా అంతే. ‘అమ్మను కాస్త చూడవే’ అంటే ‘అలాగే అక్కా’ అంటుంది, ఏమీ మారదు. ‘అమ్మ డాక్టరు అపాయింట్‌మెంట్లు, మందులు తెప్పించడం ఈ నెల నుంచి నీవి’ అని ఒక పనిని పూర్తిగా అప్పగించండి. ఆమె మీలా చేయదు. చేయనివ్వండి. మధ్యలో ఫోను చేసి గుర్తు చేస్తే ఆ పని మళ్లీ మీ నెత్తి మీదికే వస్తుంది.

ఆఫీసు కాస్త కష్టమైన సంగతి, ఎందుకంటే అక్కడి పద్ధతిని మీరొక్కరే పెట్టలేదు, మీరొక్కరే మార్చలేరు. పెద్ద కుర్చీలో ఉన్నవారికే ఒత్తిడి, గుండెజబ్బు ఎక్కువని జనం అనుకుంటారు. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో ఇందుకు పూర్తిగా వ్యతిరేకంగా తేలింది. హోదా తగ్గేకొద్దీ గుండెజబ్బు మరణాలు పెరిగాయి. పొగతాగడం వంటి కారణాలను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. 1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనంలో మైకేల్ మార్మట్ బృందం గుర్తించిన కారణాల్లో ముఖ్యమైనది, తన పని మీద తనకు పట్టు లేకపోవడం. అంటే పని ఎక్కువ కావడం ఒక ఎత్తు, ఏది ముందు ఏది తర్వాత అని తేల్చుకునే హక్కు లేకపోవడం మరో ఎత్తు. మీ చోట ‘కుదరదు’ అనే మాటే లేదంటే ఆ హక్కు ఎవరికీ లేనట్టే.

అలాంటి చోట తప్పులు తగ్గుతాయని మేనేజర్లు నమ్ముతారు. తగ్గవు, కనబడకుండా పోతాయి. అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి బృందాలలో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలిస్తే, మంచి పేరున్న బృందాల లెక్కలోనే ఎక్కువ పొరపాట్లు కనిపించాయి. కారణం, అక్కడి నర్సులు భయం లేకుండా చెప్పుకోగలుగుతున్నారు. లెక్కల విభాగంలో ఉన్న మీకు దాచిన తప్పు నెలాఖరుకు ఎలా తిరిగి వస్తుందో నేను చెప్పనక్కర్లేదు. ఎదురు చెప్పలేని చోట ‘కుదరదు’ అనకుండానే ఒక దారి ఉంది. కొత్త పని ఇచ్చినప్పుడు చేతిలో ఉన్న పనులు రాసి, ‘వీటిలో దేన్ని ముందు పూర్తి చేయమంటారు, దేన్ని వెనక్కి జరపమంటారు?’ అని మెయిల్‌లో అడగండి. మీరు కాదనలేదు, ఎంచుకునే పని మాత్రం ఆయనకు వెళ్లింది. ఇలా అడిగేవారు ఇద్దరు ముగ్గురైతే పద్ధతిలో మార్పు రావచ్చు. మారకపోయినా రాతపూర్వకంగా మీ దగ్గర ఒకటి ఉంటుంది.

ఒంటి జబ్బా, మనసు జబ్బా అని అడిగారు. 1980లో ఆర్థర్ క్లైన్‌మన్ అనే మానసిక వైద్యుడు చైనాలోని హునాన్‌లో తలనొప్పి, నిద్రలేమి, నీరసం వంటి బాధలతో, నరాల బలహీనత అని ముద్రపడిన 100 మంది రోగులను పరీక్షించారు. వారిలో 87 మందికి తీవ్ర డిప్రెషన్ ప్రమాణాలు సరిపోయాయి. వాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్ల తలనొప్పి నిజమే. మనసు బాగోలేదని చెబితే చిన్నచూపు ఎదురయ్యే సమాజంలో బాధ శరీరం ద్వారానే బయటపడుతుంది, దాన్నే డాక్టరు దగ్గరికి తెస్తారు. తలనొప్పికి సెలవు దొరుకుతుంది, దిగులుకు దొరకదు. అందుకే మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. గడచిన రెండు వారాల్లో ఎక్కువ రోజులు దిగులుగా, ఆశ లేనట్టుగా అనిపించిందా? ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయిందా? ఈ రెండింటిలో ఒక్కదానికి ‘అవును’ అన్నా మానసిక వైద్యులను కలవండి. తెల్లవారుజామున మెలకువ రావడం కూడా వారికి చెప్పండి. రెండింటికీ ‘కాదు’ అయితే న్యూరాలజిస్టు చాలు. తరచూ వచ్చే టెన్షన్ తలనొప్పికి రాత్రిపూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ ఇస్తారు. డిప్రెషన్ మందని విని భయపడకండి, ఈ మోతాదులో దాన్ని నొప్పి నివారణకే వాడతారు. ఫిజియోథెరపీ, రోజూ అరగంట నడక కూడా ఉపయోగపడతాయి.

ఉన్నట్టుండి భరించలేనంత తలనొప్పి రావడం, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, చూపు తగ్గడం, కాలు చేయి పట్టు తప్పడం, నల్లటి మలం.. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా అంతే, ఆ రోజే.

ఉద్యోగం మానేయాలా అన్నదానికి ఇప్పుడే జవాబు చెప్పను, మీరు కూడా ఇప్పుడే నిర్ణయించుకోకండి. మాత్రలు ఆపిన తొలి వారాల్లో తల పగిలిపోతున్నప్పుడు ప్రతి ఉద్యోగం వదిలేయదగ్గదిగానే కనిపిస్తుంది. ఎనిమిది వారాల పాటు ఒక నోటుపుస్తకంలో నొప్పి వచ్చిన రోజు, వేళ, అంతకుముందు గంటలో ఏం జరిగింది, మాత్ర వేసుకున్నారా లేదా రాయండి. నొప్పి మొత్తంగా తగ్గితే మాత్రలే ప్రధాన కారణమనుకోవచ్చు. మిగతా రోజులు తేరుకుని ఆదివారం సాయంత్రం మాత్రం అలాగే ఉంటే, మెయిళ్ల ప్రయత్నం కూడా చేసి ఉంటే, అప్పుడు ముందు విభాగం మార్చమని అడగండి. ఆ తర్వాతే రాజీనామా గురించి ఆలోచించండి. ఆ నోటుపుస్తకాన్ని మీ న్యూరాలజిస్టుకు కూడా చూపించండి.