గొంతు బాగుందన్నారు సరే, చెన్నైలో తెలుగు డబ్బింగ్‌తో బతకవచ్చా?

"చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ని. వయసు 26. గొంతు బాగుందని అందరూ అంటారు. ఉద్యోగం మానేసి రేడియో, టీవీ వ్యాఖ్యానం, డబ్బింగ్ వైపు రావచ్చా?" అని అడిగారు.

మానేయకండి. కనీసం రెండేళ్ల దాకా ఆ ఆలోచనే వద్దు. ఎందుకో నా అనుభవం మీద చెబుతాను.

నాకు గొంతు బాగుందని మొదట చెప్పినవాళ్లు పెళ్లిళ్లలో నా చేతికి మైకు ఇచ్చిన బంధువులే. ఆ ధైర్యంతోనే తిరుపతిలో చదువుకునే రోజుల్లో ఆకాశవాణి రాత పరీక్ష, ఆ తర్వాత స్వర పరీక్ష నెగ్గి క్యాజువల్ అనౌన్సర్‌నయ్యాను, అంటే పిలిచిన రోజున మాత్రమే వెళ్లి ప్రకటనలు చెప్పే పని. నెలకు ఆరు డ్యూటీలకు మించి ఇచ్చేవారు కాదు. అది ఉద్యోగం అనుకుని చేరితే నిరాశే మిగులుతుంది. బడి అనుకుంటే మాత్రం అంతకంటే మంచి బడి లేదు.

అప్పట్లో అక్కడ మాట్లాడేది చాలా తక్కువ. క్యూ షీటు, అంటే ఏ కార్యక్రమం ఎప్పుడో రాసి ఉన్న కాగితం, చూసుకోవాలి, తర్వాతి టేపు సిద్ధంగా పెట్టాలి, లాగ్‌బుక్ రాయాలి, ఒక కన్ను ఎప్పుడూ గోడ గడియారంలోని సెకన్ల ముల్లు మీదే ఉండాలి. ఢిల్లీ వార్తలు అందుకునే వేళకు మన మాట పూర్తయి ఉండాలి. ఒకసారి కర్ణాటక సంగీత కచేరీ టేపు ముగిశాక ప్రకటన చెప్పి, ఫేడర్ (మైకు శబ్దం తగ్గించే మీట) దించడం మరిచిపోయి "అమ్మయ్య" అన్నాను. అదీ ప్రసారమైంది. మర్నాడు పాలు పోసే ఆయన అడిగాడు: "ఏమ్మా, కచేరీ అంత విసుగు పుట్టించిందా?" వినేవాడు ఒక్కడేనని, వాడు చాలా దగ్గరగా కూర్చుని వింటాడని ఆ రోజు తెలిసింది.

రేడియో నుంచి తెర వైపు రావడం కొత్తేమీ కాదు. కొంగర జగ్గయ్య గారు ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివినవారే. నటుడిగా స్థిరపడ్డాక శివాజీ గణేశన్‌కు తెలుగులో గొంతు అరువిచ్చారు. కమల్ హాసన్‌కు గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు డబ్బింగ్ చెప్పారు. అయితే ఆ పేర్లు చూసి మురిసిపోతే మన పని మొదలే కాదు.

పెళ్లయ్యాక చెన్నైలోని వడపళని వచ్చాను. ఇక్కడ నా మొదటి పని గుంపు గొంతు. "పట్టుకోండి", "వాడు అటు పోయాడు", ఆ తర్వాత ఏడుపులు. మధ్యాహ్నానికి గొంతు పూర్తిగా పోయింది. రెండో కాల్షీటు, అంటే తర్వాతి పూట పని, ఇంకొకరికి వెళ్లిపోయింది.

అసలు పాత్ర చేతికి వచ్చాక తెలిసింది, ఇది గొంతు పని కంటే పెదాల పని అని. ప, బ, మ పలకాలంటే పెదాలు కలవాలి. తెర మీద నటుడి పెదాలు కలిసినచోట మన మాటలోనూ అలాంటి అక్షరమే పడాలి. తమిళంతో చిక్కేమిటంటే, మాట తరచు "మ్"తో ఆగుతుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. తమిళ నటుడు దగ్గరి షాట్‌లో "పణం వేణుం" అన్నాడనుకోండి. "డబ్బు కావాలి" అంటే అర్థం సరిగ్గా ఉంటుంది, కానీ ఆఖర్న అతని పెదాలు దగ్గరికి వస్తుంటే మన నోరు తెరుచుకుని ఉంటుంది. "పైకం ముఖ్యం" అంటే సరిగ్గా కూర్చుంటుంది. మొదట్లో ప, చివర్లో సున్న, అక్షరాల లెక్క కూడా అంతే. ఈ రోజుల్లో పైకం అనేవాళ్లెవరని మీరు నవ్వవచ్చు. జనం వెక్కిరించే ఆ డబ్బింగ్ తెలుగు ఎక్కువగా ఇలాగే పుట్టింది. పాత్ర ఊరి పెద్దమనిషైతే పైకం చెల్లుతుంది, కాలేజీ కుర్రాడైతే రచయితను బతిమాలి మార్పించుకోవాలి. అలా అడగగలిగేంత తెలుగు మీ దగ్గర ఉండాలి.

ఇక్కడ పుట్టినవారికి ఇంకో గండం ఒత్తులు. "భయం" అని చదువుతున్నామనే అనుకుంటాం, వినబడేది "బయం". ధర్మం దర్మమవుతుంది. తెలుగునాట ఉన్నవాళ్లు మాత్రం అందరూ సరిగ్గా పలుకుతున్నారా అంటే లేదు, కానీ వాళ్లను ఎవరూ "తమిళ యాస" అని పక్కన పెట్టరు. మా పిల్లలతోనూ ఇదే గొడవ. రోజూ పత్రికలో సంపాదకీయం ఒకటి పైకి చదివి ఫోనులో రికార్డు చేసుకోండి. వెంటనే వినకండి, మర్నాడు వినండి.

డబ్బు సంగతి. వారంలో నాలుగు కాల్షీట్లు పడిన రోజులూ చూశాను, నెలన్నర ఫోను మోగని రోజులూ చూశాను. ఒక సీరియల్ నిర్మాత ఎనభై భాగాల బాకీని ఏడాదిన్నర తిప్పించి సగం ఇచ్చాడు. పైగా తెలుగు సినిమా హైదరాబాదు వెళ్లాక తెలుగు పనిలో పెద్ద భాగం అటే పోయింది. ఇక్కడ మిగిలినవాటిలో నేను చూసేవి ఎక్కువగా తమిళం నుంచి వచ్చే సినిమాలు, సీరియళ్లు, ప్రకటనలు. ఇప్పుడు ప్రకటనలకు కంప్యూటర్ గొంతులు కూడా వాడుతున్నారు. అందుకే ఉద్యోగం ఉంచుకోమన్నాను.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఏదైనా తమిళ సన్నివేశం శబ్దం ఆపి, రెండు నిమిషాలు తెలుగులో మీరే రాసి, మీరే చెప్పి రికార్డు చేయండి. దాన్ని అమ్మకు కాకుండా నెల్లూరులోనో గుంటూరులోనో ఉన్న బంధువులకు, మీ పేరు చెప్పకుండా, ఫోనులో వినిపించండి. "ఆ తర్వాత ఏమైంది?" అంటే స్టూడియోల గడప తొక్కండి. "ఏ ఊరి అబ్బాయి?" అంటే ఇంకో ఆరు నెలలు సంపాదకీయాలు చదవండి.