ఎలుకల మెదడులో కణాలు చచ్చిపోయాయని తేలలేదు, మీ తమ్ముడి మాత్రలు ఆపకండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు మీద ప్రయోగాలు చేసిన ఎలుకల్లో మెదడు కణాలు పాడయ్యాయట, కోతులకి ఆ జబ్బు మందులిస్తే మెదడు తగ్గిందట, ఆ జబ్బుకే మాత్రలు వేసుకుంటూ పాలకొండలో ఉన్న మా తమ్ముడికి ఇంకా 22 ఏళ్లే, వాడి మెదడు కూడా అలా అయిపోతోందా, మాత్రలు మానిపించేద్దామా అని కదా అడిగారు. మానిపించకండమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తున్నా, మిగతాది తర్వాత.

ఎం.ఫార్మసీ అయ్యాక మూడేళ్లు నేను ల్యాబ్‌లో ఈ ఎలుకలతోనే పని చేశాను. అసలు ఎలుకకి స్కిజోఫ్రీనియా రాదు. దానికి లేని మాటలు వినిపిస్తున్నాయా అని ఎవరం అడగగలం? ఆ జబ్బులో కనిపించే ఒకటి రెండు లక్షణాలని దానిలో తెప్పిస్తారు, అంతే. మా దగ్గర కడుపుతో ఉన్న ఎలుకకి 17వ రోజున ఎం.ఎ.ఎం. అనే రసాయనం ఇచ్చేవారు, ఆ సమయంలో పిల్లల మెదడు ఇంకా తయారవుతూ ఉంటుంది. పుట్టిన పిల్లలు చిన్నప్పుడు చాలావరకు మామూలుగానే ఉంటాయి, ఈడొచ్చాకే తేడాలు గట్టిగా బయటపడతాయి. పెద్ద చప్పుడుకి ముందు చిన్న చప్పుడు వినిపిస్తే మామూలు ఎలుక తక్కువ ఉలిక్కిపడుతుంది, ఇవి మాత్రం అప్పుడూ గట్టిగానే ఉలిక్కిపడతాయి. ఈడొచ్చాక అవి అలా మారడం మొదటిసారి చూసినరోజు నాకు మా మేనమామే గుర్తొచ్చాడు. పదో తరగతి దాకా క్లాసులో ఫస్టు, 20 దాటాక మనిషే మారిపోయాడు.

ఇక కణాల సంగతి. మెదడుని 40 మైక్రాన్ల మందాన పొరలుగా కోసి, పార్వాల్బుమిన్ అనే ప్రోటీన్ ఉన్న కణాలకి రంగు పట్టించి, మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టడం నా పని. ఈ కణాలు చుట్టుపక్కల కణాలని అదుపులో పెట్టి, అన్నీ ఒకే లయలో నడిచేలా చూస్తాయి. మా ఎలుకల్లో హిప్పోక్యాంపస్ అనే, జ్ఞాపకాలు చూసే మెదడు భాగంలో అవి తక్కువ కనిపించేవి, నేను రికార్డులో "కణాలు చనిపోయాయి" అని రాసేశాను. మా గైడ్ మేడమ్ ఆ మాట కొట్టేయించారు. రంగు పట్టలేదంటే ఆ ప్రోటీన్ తగ్గిందని మాత్రమే తెలుస్తుంది, కణం అక్కడే ఉండొచ్చు. కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చిన ఎలుకల్లో కూడా పార్వాల్బుమిన్, గాబా (కణాలని అదుపు చేసే రసాయనం) తయారుచేసే ఎంజైమ్ తగ్గుతాయి, అంటే కణం ఉంది కానీ పని మందగించింది. ఈ జబ్బున్న మనుషుల్లోనూ, చనిపోయాక పరీక్షించిన మెదళ్లలో, నుదుటి వెనక భాగంలో ఆ ఎంజైమ్ తగ్గడం, న్యూరాన్ (నాడీ కణం) కొమ్మల మీద ఉండే సన్నటి బుడిపెలు పలచబడటం చూశారు. న్యూరాన్లు పెద్ద ఎత్తున చచ్చిపోతే ఆ చోట న్యూరాన్లకి ఆసరాగా ఉండే గ్లియా కణాలు మచ్చ కట్టినట్టు పెరుగుతాయి, అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో అలా అవుతుంది. స్కిజోఫ్రీనియాలో సాధారణంగా ఆ మచ్చ కనిపించదు. మీ తమ్ముడి మెదడు కుళ్లిపోవడం లేదు.

కోతుల మాట నిజమే, దాచను. 2005లో వచ్చిన పరిశోధన అది. ఈ జబ్బుకి వాడే హాలోపెరిడాల్ గానీ ఓలాంజపిన్ గానీ 17 నుంచి 27 నెలలు ఇస్తే మెదడు బరువు 8 నుంచి 11 శాతం తక్కువగా ఉంది. తర్వాత అదే మెదళ్లలో ఒక భాగం తీసుకుని కణాలు లెక్కపెడితే న్యూరాన్ల సంఖ్య తగ్గలేదు, తగ్గినవి గ్లియా కణాలు, ముఖ్యంగా ఆస్ట్రోసైట్లు అనే రకం. పైగా అవి ఏ జబ్బూ లేని కోతులు, అంటే ఆ తేడా మందు వల్లే వచ్చి ఉండాలి. అందుకని దీన్ని తేలిగ్గా తీసుకోమనను. అవసరమైనంత డోసే వాడాలి, మధ్యమధ్యలో డాక్టరుతో మాట్లాడాలి అనడానికి అది మంచి కారణం. ఒక్కసారిగా ఆపెయ్యడానికి మాత్రం కాదు.

ఆపితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. మామయ్యకి చిల్లంగి (చేతబడి) పెట్టారని చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిప్పి నాలుగేళ్లు పోగొట్టారు, చివరికి విశాఖ తీసుకెళ్తే మాత్రలతో కుదుటపడ్డాడు, పొలానికెళ్లేవాడు, పిల్లలకి లెక్కలు చెప్పేవాడు. బాగానే ఉన్నాడు కదా అని సంక్రాంతికి మా అమ్మమ్మ మానిపించింది, ప్రేమతోనే. మూడో నెలలో రాత్రిపూట రైలు పట్టాల వెంట ఒంటరిగా నడుస్తుంటే గ్యాంగ్‌మన్ చూసి ఆపాడు. మళ్లీ అవే మాత్రలు మొదలుపెట్టినా ఈసారి లెక్కలు చెప్పే మనిషి అవ్వడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరా అమ్మమ్మ సరిగ్గా అన్నం తినలేదు.

మీ తమ్ముడికి చేతులు వణకడం, నోట్లోంచి చొంగ కారడం, మగత, బరువు పెరగడం ఏముందో నెలరోజులు కాగితం మీద రాసి డాక్టరుకి చూపించండి. మందు మార్చొచ్చా, డోసు తగ్గించొచ్చా అని సూటిగా అడగండి, అడిగితే తప్పు లేదు. తగ్గించినా నెలల మీద, కొంచెం కొంచెంగా, ఆయన చూస్తుండగానే. మధ్యలో రాత్రి వేళ టెన్షన్ పడితే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.