‘తెలియదు’ అన్న అమ్మాయిని ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఇంజినీరింగ్‌లో ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్) తీసుకుంటావా, బీఎస్సీ చదువుతావా అని బంధువులంతా కూర్చుని అడిగినా ‘తెలియదు’ అంటుంది. నేను ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో పనిచేస్తాను. సెలవుల్లో మా అమ్మాయి ఆ కేంద్రం వడ్ల లెక్కల పుస్తకం ముందేసుకుంటే పిలిచినా పలకదు. వేలిముద్రల పరీక్ష చేయిస్తే ఆసక్తి బయటపడుతుందంటున్నారు. చేయించమంటారా? – ఒక తల్లి

జవాబు: వద్దమ్మా. వేలిముద్రల గీతలను బట్టి చదువును తేల్చే పద్ధతికి శాస్త్రీయ ఆధారం లేదు.

తన మనసు తనకే తెలియని పిల్ల రేపు ఎక్కడ చేరినా నిలదొక్కుకోలేదేమోనన్నదే మీ అసలు భయం. ఆ భయం అక్కరలేదు. పెద్దలకైనా తమ మనసు అంత సులభంగా అందదు. నిస్బెట్, విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో ప్రచురించిన వ్యాసంలో ఒక ప్రయోగం ఉంది. ఒకే రకమైన నాలుగు జతల మేజోళ్లను వరుసగా పెట్టి మేలైనదాన్ని ఎంచమంటే, మిగతా వాటికంటే కుడి చివరి జతనే ఎక్కువమంది ఎంచుకున్నారు. కారణం అడిగినప్పుడు మాత్రం అది వరుసలో ఉన్న చోటు గురించి ఎవరూ తమంతట తాము చెప్పలేదు. లోపలి ఇష్టం స్పష్టంగా లేనప్పుడు మనిషి తాను చేస్తున్న పనులను గమనించడం ద్వారానే ఆ ఇష్టాన్ని గ్రహిస్తాడని మరో మనస్తత్వ శాస్త్రవేత్త డారిల్ బెమ్ 1972లో వివరించాడు.

మరి మీ అమ్మాయి చేస్తున్న పనిని మీరు ఫిర్యాదుగా రాశారు! పదిమందిలో కూర్చోబెట్టి నిలదీస్తే ఏ పిల్ల మనసు విప్పుతుంది? ఆమె ఆ పుస్తకంలో ఊరికే కూడికలు సరిచూస్తోందా, లేక ఏ ఊరి వడ్లు ఏ వారంలో 17 శాతం తేమ హద్దు దాటి వస్తున్నాయో పోల్చుకుంటోందా అన్నది పక్కన కూర్చొని చూడండి. రెండోదైతే అది గణాంకశాస్త్రపు ఆలోచనే.

ఏఐ-ఎంఎల్ బ్రాంచిపై నాకు గట్టి సందేహాలున్నాయి. పేరు కొత్తదైనా దాని పునాది సంభావ్యత (ప్రాబబిలిటీ), గణాంకాలు, రేఖీయ బీజగణితమే (లీనియర్ ఆల్జీబ్రా) కాబట్టి, వాటిని ఓపికగా బోధించే అధ్యాపకులు లేని కాలేజీలో ఆ పేరుకు విలువ ఉండదు. ఇంజినీరింగే కావాలంటే మామూలు సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) చాలు. లెక్కలు, గణాంకాలు, కంప్యూటర్లు కలిసిన బీఎస్సీ కూడా తక్కువ దారేమీ కాదు.

ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఉచితంగా దొరికే సంభావ్యత పాఠాలను రెండు వారాలు చూడనివ్వండి. మీరు చెప్పకుండానే మళ్లీ మళ్లీ వాటి దగ్గరికి వెళ్తే, ఈ రెండింటిలో ఎక్కడ చేరినా రాణిస్తుంది. ఈలోగా మేనేజ్‌మెంట్ సీటు కోసం ఎవరికీ అడ్వాన్సు కట్టకండి.